ఆ తీర్పు ఇప్పటికీ నిలబడి ఉందా?

ప్రశ్న: మేడమ్, నేను ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు లా కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో లా చదువుతున్న మొదటి మనిషిని నేనే. పోయిన నెల మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదనల) పోటీలో, తండ్రి 2001లో చనిపోయిన ఒక కూతురికి ఉమ్మడి ఆస్తిలో వాటా రాదని వాదించాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికి సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి తీర్పు పట్టుకెళ్లాను. 'ఆ తీర్పు ఇప్పటికీ నిలబడి ఉందామ్మా?' అని జడ్జిగా కూర్చున్నాయన అడిగారు. నాకు నోట మాట రాలేదు. అవతలి జట్టు పెద్ద యూనివర్సిటీ పిల్లలు. వాళ్లకు ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర వంటి తీర్పుల డేటాబేసులు అన్నీ ఉన్నాయట. మా కాలేజీ లైబ్రరీలో రిపోర్టర్లు, అంటే తీర్పులు అచ్చేసిన సంపుటాలు, బీరువాలో తాళం వేసి ఉంటాయి. అప్పు చేసైనా సొంతంగా డేటాబేస్ చందా కట్టుకోవాలా? అసలు లా లైబ్రరీలో ఎక్కడ మొదలుపెట్టాలి? పేరు వేయకండి.

అమ్మా,

ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. అప్పు చేయకు. ఆ రోజు నీ దగ్గర లేనిది డేటాబేసు కాదు, ఒక అలవాటు. దొరికిన తీర్పు పక్కన పెట్టి 'దీని తర్వాత ఏం జరిగింది?' అని అడిగే అలవాటు. అది లైబ్రరీలోనే వస్తుంది, పైసా ఖర్చు లేకుండా వస్తుంది. నేను లా కాలేజీ లైబ్రరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఖరీదైన డేటాబేసు తెరిచి పెట్టుకుని కూడా చెల్లిపోయిన తీర్పు పట్టుకెళ్లిన పిల్లల్ని చూశాను. చిరిగిన డైజెస్టులో (తీర్పుల సారాంశాల పుస్తకంలో) వెతికి సరైన తీర్పు పట్టుకున్నవాళ్లనూ చూశాను.

నీ మూట్ సమస్యనే తీసుకుందాం. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. దాని 6వ సెక్షన్‌ను 2005లో సవరించి, కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చారు. ఆ సవరణ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చింది. మరి ఆ తేదీకి ముందే తండ్రి చనిపోతే? ఫూలవతి కేసులో 2015 అక్టోబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్, ఆ రోజుకు తండ్రీ కూతురూ ఇద్దరూ బతికి ఉంటేనే హక్కు అంది. నువ్వు పట్టుకెళ్లింది అదే. 2018 ఫిబ్రవరిలో దానమ్మ వర్సెస్ అమర్ కేసులో ఇంకో ఇద్దరు న్యాయమూర్తులు, 2001లో చనిపోయిన తండ్రి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చారు. ఒకే కోర్టు, ఒకే సంఖ్యలో న్యాయమూర్తులు, రెండు దారులు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మలో తేల్చింది. హక్కు పుట్టుకతో వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదు అని చెబుతూ ఫూలవతిని ఓవర్‌రూల్ చేసింది, అంటే ఇక చెల్లదని కొట్టేసింది. దానమ్మలో కూడా కొంత భాగాన్ని తోసిపుచ్చింది. ఆ బెంచ్‌లో ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీరే తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు.

నీ మూట్ సమస్యలో తండ్రి చనిపోయిన సంవత్సరం 2001 అని ఇచ్చారంటే, సమస్య రాసినవాళ్లు దానమ్మ కేసును మనసులో పెట్టుకునే రాశారు. ఫూలవతి మీద ఆగిపోయేవాళ్లు ఎవరో చూద్దామనుకున్నారు. నువ్వు ఆగిపోయావు. తెలివి తక్కువై కాదు. ఇంటర్నెట్‌లో ఒక తీర్పు తెరిస్తే ఆ తీర్పు మాత్రమే కనిపిస్తుంది, దాని వెనకాల వచ్చినవి కనిపించవు.

అదే లైబ్రరీలో ఏం జరిగేదో చెబుతాను. ఎస్‌సీసీ (సుప్రీం కోర్ట్ కేసెస్ అనే రిపోర్టరు) 2020వ సంవత్సరం తొమ్మిదో సంపుటం తీసి తెరిస్తే మొదటి పేజీలోనే వినీతా శర్మ మొదలవుతుంది. అందుకే దాని సైటేషన్, అంటే తీర్పు చిరునామా, (2020) 9 ఎస్‌సీసీ 1. సంవత్సరం, సంపుటం, రిపోర్టరు పేరు, పేజీ, అంతే. పేజీలు తిప్పుతూ హెడ్‌నోట్ (తీర్పు పైన ఇచ్చే సారాంశం) దాటి కిందికి వెళ్లు. తీర్పులో ప్రస్తావించిన కేసులన్నీ ఒక జాబితాగా వరసపెట్టి ఉంటాయి. ఒక్కో పేరు పక్కన, దాన్ని ఈ తీర్పు ఏం చేసిందో ఉంటుంది. అనుసరించిందా, వేరుచేసి చూపిందా, కొట్టేసిందా. '(2016) 2 ఎస్‌సీసీ 36, ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి' అన్నచోట వేలు పెట్టి చూడు, 'ఓవర్‌రూల్డ్' అని ఉంటుంది. ఆ ఒక్క మాట చూసి ఉంటే జడ్జి ప్రశ్నకు నువ్వు తలెత్తి జవాబు చెప్పేదానివి.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలన్న నీ అసలు ప్రశ్న. తీర్పు దగ్గర మొదలుపెట్టకు. చట్టం దగ్గర మొదలుపెట్టు.

బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని ఉత్త చట్టం పుస్తకం, తీసుకోగానే మొదట చూడాల్సింది సెక్షన్ కాదు, అది ఏ సంవత్సరం అచ్చు అన్నది. ఇది నేను ఒక పిల్లవాడి నష్టంతో నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో ఇంకా కుదురుకోని రోజుల్లో ఒకబ్బాయి హిందూ వారసత్వ చట్టం కావాలని వచ్చాడు. అలమారలో చేతికందిన ప్రతి ఇచ్చాను. అది 2005కు ముందు అచ్చయినది. ఆ అబ్బాయి పాత 6వ సెక్షన్ చదువుకుని వెళ్లి పరీక్షలో అదే రాశాడు. ఆ తర్వాత వారం రోజులు కూర్చుని అలమారలో ఉన్న బేర్ యాక్టులన్నిటి మీదా అచ్చు సంవత్సరం రాసిన చీటీలు అంటించాను. మీ కాలేజీలో అలాంటి చీటీలు ఉండకపోవచ్చు. కాబట్టి ఆ పని నీది. అచ్చు సంవత్సరం చూశాక, 'ఇండియా కోడ్' అన్న ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ చట్టం ఇప్పటి రూపంతో సరిపోల్చుకో. కేంద్ర చట్టాలు, రాష్ట్ర చట్టాలు కూడా అందులో ఉచితంగా ఉంటాయి.

బేర్ యాక్టులో చిన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్లు, రాష్ట్ర సవరణలు పిల్లలు వదిలేస్తారు. నీ సమస్యకు అసలైన నిధి అక్కడే ఉంది. కేంద్రం 2005లో చేసిన పనిని ఆంధ్రప్రదేశ్ దాదాపు ఇరవై ఏళ్ల ముందే చేసింది. 1986లో 13వ నంబరు రాష్ట్ర చట్టంగా, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా 29-ఎ సెక్షన్ చేర్చి, కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. రెండు షరతులు, ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికీ, ముందే జరిగిపోయిన పంపకానికీ అది వర్తించదు. ఆ తర్వాతే తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఈ దారి పట్టాయి. అప్పటికి తెలంగాణ కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది కాబట్టి రెండు రాష్ట్రాల కుటుంబాలకూ ఇది పనికొస్తుంది. 1995లో పంపకం జరిగిన కుటుంబం నీ ముందుకు వస్తే 2005 సవరణ కన్నా ముందు చూడాల్సింది ఇదే. మన నేల మీద పుట్టిన చట్టం కదా, అవతలి జట్టు దీన్ని ఎత్తి ఉండకపోతే వాళ్లకన్నా ఒక అడుగు ముందుండే అవకాశం నీకు ఉండేది.

రాష్ట్ర చట్టాల విషయంలో ఇంకో మెలిక. 2014 విభజన చట్టం 100వ సెక్షన్ ప్రకారం పాత ఆంధ్రప్రదేశ్ చట్టాలు మార్చేదాకా తెలంగాణలోనూ కొనసాగాయి. 101వ సెక్షన్ కింద తెలంగాణ వాటిని తనకు అన్వయించుకుంటూ ఉత్తర్వులు ఇచ్చింది. కాబట్టి తెలంగాణలో ప్రాక్టీసు చేయాలనుకుంటే పాత చట్టంతో పాటు ఆ అన్వయ ఉత్తర్వు కూడా చూడాలి. హైకోర్టుల సంగతీ ఇంతే. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు తమను కట్టిపడేస్తాయని అక్కడి ఫుల్ బెంచ్ అప్పట్లోనే చెప్పింది. 1956లో హైకోర్టు హైదరాబాద్ వచ్చింది. 2019 జనవరి 1న రెండుగా విడిపోయింది. మద్రాసు రిపోర్టుల పాత సంపుటాలు కోస్తా జిల్లాల కేసుల్లో ఇంకా ఎందుకు కావాల్సివస్తాయో ఇప్పుడు అర్థమైందా?

చట్టం చదివాక కామెంటరీ. దాన్ని దారి చూపే బోర్డుగా వాడు, గమ్యంగా కాదు. ఫలానా వ్యాఖ్యానంలో ఇలా ఉందని కోర్టులో చెప్పడం బలహీనమైన వాదన. ఆ వ్యాఖ్యానం పేజీ అడుగున ఇచ్చిన తీర్పుల సైటేషన్లు రాసుకుని రిపోర్టర్ల అలమార దగ్గరికి నడువు. సబ్జెక్టు వారీగా తీర్పుల సారాంశాలు పేర్చి ఉండే డైజెస్టులూ ఇందుకే. కంప్యూటర్లు రాకముందు వకీళ్లు బతికిందే డైజెస్టుల మీద.

రిపోర్టర్లలో ఎవరు ఎవరో తెలుసుకో. సుప్రీంకోర్టు తన పేరు మీద తీసుకొచ్చే అధికారిక రిపోర్టు ఎస్‌సీఆర్ (సుప్రీం కోర్ట్ రిపోర్ట్స్), 1950 నుంచి ఉంది. ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) 1914 నుంచి నడుస్తోంది, అన్ని హైకోర్టుల తీర్పులూ ఒకచోట దొరుకుతాయి. ఎస్‌సీసీ 1969లో మొదలైంది. సుప్రీంకోర్టులోనూ మన కోర్టుల్లోనూ వకీళ్ల నోట ఎక్కువగా వినిపించేది అదే. మన హైకోర్టులకు ఏఎల్‌టీ (ఆంధ్ర లా టైమ్స్), ఏఎల్‌డీ (ఆంధ్ర లీగల్ డెసిషన్స్) అనే రిపోర్టర్లు ఉన్నాయి. జిల్లా కోర్టులో భూమి, అద్దె, కుటుంబ తగాదాలకు నీకు రోజూ పనికొచ్చేవి ఇవే. ఒకే తీర్పు నాలుగింట్లో నాలుగు సైటేషన్లతో ఉంటుంది. వినీతా శర్మే ఏఐఆర్‌లో 2020 ఎస్‌సీ 3717. ఈ గందరగోళం తగ్గడానికే 2023 నుంచి సుప్రీంకోర్టు తీర్పులకు ఏ ప్రచురణకర్తతోనూ సంబంధం లేని న్యూట్రల్ సైటేషన్ వచ్చింది. సంవత్సరం, తర్వాత 'ఐఎన్‌ఎస్‌సీ', తర్వాత వరస సంఖ్య.

హెడ్‌నోట్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది న్యాయమూర్తి రాసింది కాదు, రిపోర్టరు ఎడిటరు రాసింది. మంచి ఎడిటరు చాలా కష్టపడి రాస్తాడు, కానీ అది తీర్పు కాదు. తీర్పుల మూలపాఠం ఎవరైనా వాడుకోవచ్చని, హెడ్‌నోట్లు మాత్రం ప్రచురణకర్త శ్రమకు ఫలితమని సుప్రీంకోర్టే ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో చెప్పింది. అది (2008) 1 ఎస్‌సీసీ 1. నీ డబ్బు ప్రశ్నకు ఆ కేసులోనే సగం జవాబు ఉంది చూడు. డేటాబేసుకు కట్టే చందా తీర్పు కోసం కాదు, తీర్పు చుట్టూ ఎడిటర్లు అల్లిన హెడ్‌నోట్లు, లింకులు, 'ఈ తీర్పును తర్వాత ఎవరు ఏం చేశారు' అన్న గుర్తుల కోసం. తీర్పు అందరిదీ.

ఆ అందరి సొత్తు ఎక్కడ దొరుకుతుందంటే, సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ తెరిచింది. 1950 నుంచి వచ్చిన రిపోర్టబుల్ (రిపోర్టులో వేయదగినవని గుర్తించిన) తీర్పులన్నీ, ఎస్‌సీఆర్‌లో అచ్చయిన రూపంలో, హెడ్‌నోట్లతో సహా ఉచితం. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ఇంట్లో అమ్మకు చదివి వినిపించడానికి అవి బాగుంటాయి కానీ కోర్టులో చెల్లేది ఇంగ్లిష్ పాఠమే. 2008 నుంచి ఉన్న ఇండియన్ కానూన్ నీకు తెలిసే ఉంటుంది. దాన్ని వదలద్దు, కానీ తీర్పు పేజీలో 'దీన్ని ఉదహరించినవి' అనే లింకు నొక్కకుండా ఆ పేజీ మూసేయద్దు. నొక్కాక తేదీ వారీగా కొత్తవి పైకి తెచ్చుకుని, పెద్ద బెంచ్‌లవి ముందు చదువు. ఫూలవతి పేజీలో నువ్వు ఆ పని చేసి ఉంటే సరిపోయేది.

వెతకడంలో మన పేర్లు పెద్ద ఇబ్బంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిష్‌లో 'ఎస్' ఒక్కటే పెట్టి రాసిన రిపోర్టరు ఉంది, 'ఎస్‌హెచ్' పెట్టి రాసింది ఉంది, చివర 'యు' ఒకటి ఎక్కువ పెట్టింది ఉంది. సుబ్బారాయుడు, లక్ష్మీనరసమ్మ, చౌదరి, అన్నీ అంతే. పేరు పెట్టి వెతికి దొరకలేదని తీర్పే లేదనుకోకు. సెక్షన్ నంబరు, దాంతోపాటు ఆ చట్టంలో వాడిన ఒక ప్రత్యేకమైన మాట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, కోర్టు, సంవత్సరం ఎంచుకుని వెతుకు. నువ్వు మామూలుగా వాడే మాటతో కాదు, న్యాయమూర్తులు వాడే మాటతో వెతకాలి. కూతురి వాటా అని కొడితే వేల పేజీలు వస్తాయి, 'కోపార్సెనర్ బై బర్త్' (పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కుదారు) అని కొడితే కావలసినవి వస్తాయి.

ఇప్పుడున్న కాలంలో మరీ జాగ్రత్తగా ఉండాల్సిన చోటు క్రిమినల్ లా. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం స్థానంలో వరసగా బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత), బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా సీఆర్‌పీసీ '482 పిటిషన్' అంటే ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని హైకోర్టుకు వెళ్లడమే. దాని చోట వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు. ఎఫ్‌ఐఆర్ కొట్టివేతకు ఇప్పుడు 528. కాబట్టి ఉత్త '482' అని వెతికితే రెండూ కలగలిసి వస్తాయి. నంబరుతో పాటు చట్టం పేరు కొట్టాలి, తీర్పు ఏ కాలానిదో చూడాలి. 2024 జూలైకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, అందుకని పాత బేర్ యాక్టులు పాత కాగితాల కొట్టుకు వేసేయకూడదని మీ లైబ్రేరియన్‌కూ చెప్పు.

చాట్‌బాట్లను అడిగి సైటేషన్లు తెచ్చుకునే పిల్లల గురించి బెంగగా ఉంది. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో వకీళ్లు అలాగే తెచ్చుకున్న, లోకంలో ఎక్కడా లేని తీర్పులు కోర్టుకు ఇచ్చారు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఒక సైటేషన్ నీ చేతికి ఎవరిచ్చినా, యంత్రం ఇచ్చినా, సీనియర్ ఇచ్చినా, నేనిచ్చినా, ఆ సంపుటం తెరిచి ఆ పేజీ కళ్లతో చూడకుండా మెమోరియల్‌లో (మూట్‌కు ఇచ్చే రాతపూర్వక వాదనలో) రాయకు. ఈ ఉత్తరంలో నేనిచ్చిన సైటేషన్లు కూడా వెళ్లి చూసుకో.

తీర్పులే చట్టం కాదన్న సంగతి చాలా కాలేజీలు చెప్పవు. వినీతా శర్మ చదివితే 2004 డిసెంబరు 20 అనే తేదీ మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ తేదీకి ముందే సక్రమంగా పూర్తయిన పంపకాలు కదలవు. ఆ తేదీయే ఎందుకు? ఆ రోజే సవరణ బిల్లు రాజ్యసభలో పెట్టారు. ఇది తెలియాలంటే పార్లమెంటు చర్చల దగ్గరికి పోవాలి. ఆ బిల్లు వెనక ఏముందో తెలియాలంటే లా కమిషన్ 174వ నివేదిక చదవాలి. 2000 సంవత్సరంలో వచ్చింది, హిందూ స్త్రీల ఆస్తి హక్కుల గురించే రాసింది, మన ఆంధ్రప్రదేశ్ సవరణను కూడా అందులో చర్చించారు. లా కమిషన్ నివేదికలు, పార్లమెంటు చర్చలు, రాజ్యాంగ సభ చర్చలు, మూడూ ఇంటర్నెట్‌లో ఉచితం. ఇంటర్నెట్‌లో వెతికినదానికన్నా లైబ్రరీలో పనిచేసినవాళ్ల వాదనలో లోతు కనిపించేది ఇలాంటి చోటే. జర్నళ్లలో ఢిల్లీలోని ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ జర్నల్, అదే సంస్థ ఏటా తెచ్చే యాన్యువల్ సర్వే చూడు. ఒక సబ్జెక్టులో ఆ ఏడాది కోర్టులు ఏం చెప్పాయో ఒకచోట దొరుకుతుంది. పీహెచ్‌డీ థీసిస్‌లు శోధగంగ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాటి చివరన ఉండే గ్రంథసూచి ఒక్కటి చాలు, రెండు రోజుల వెతుకులాట తప్పుతుంది.

ఇక నీ కాలేజీ సంగతి. మీ లైబ్రరీలో ఆ బీరువా ఉండటం కాలేజీ దయ కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్యా నియమాల్లో మూడో షెడ్యూల్ ప్రకారం లా కాలేజీ లైబ్రరీలో ఏఐఆర్ మాన్యువల్, కేంద్ర చట్టాలు, స్థానిక చట్టాలు, క్రిమినల్ లా జర్నల్, ఎస్‌సీసీ, కంపెనీ కేసెస్ ఉండాలి. జర్నళ్లకు కనీసం పదేళ్ల వెనకటి సంపుటాలు ఉండాలి. లైబ్రరీ మీద ఏటా కనీసం 50,000 రూపాయలు, మూడేళ్ల కోర్సూ ఐదేళ్ల కోర్సూ రెండూ ఉంటే లక్ష రూపాయలు ఖర్చు పెట్టాలి. బార్ కౌన్సిల్ తనిఖీ బృందం వచ్చే రోజున ఆ బీరువాలు తళతళలాడతాయి. మిగతా రోజుల్లో తాళాలు ఎందుకు వేస్తారో నేను లోపల ఉండి చూశాను. సంపుటం పోతే లైబ్రేరియన్ జీతంలో కోసే కాలేజీలు ఉన్నాయమ్మా. అందుకని ఆ మనిషిని శత్రువుగా చూడకు. 'ఇక్కడే, మీ ఎదురుగా, ఈ బల్ల మీదే చదువుకుంటాను, రిజిస్టర్లో రాసి తీసుకుంటాను' అని అడుగు. ఒక్కతివే కాకుండా నలుగురు కలిసి, వారంలో ఫలానా రెండు రోజులు ఫలానా వేళ అని అడిగితే తాళం తీయడానికి వాళ్లకూ ధైర్యం వస్తుంది.

లైబ్రేరియన్‌ను అడిగేటప్పుడు 'ఆస్తి హక్కుల మీద ఏమన్నా ఉందా' అని అడగకు. మా దగ్గరికి అలా వచ్చిన పిల్లలకు పెద్ద పుస్తకం ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్లం, ఇంకేం చేయగలం? 'హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్, 2005 సవరణ, తండ్రి ముందే చనిపోయిన కేసులు, ఇప్పటికి ఫూలవతి దొరికింది, దాని తర్వాతవి కావాలి' అని ఒక చీటీ రాసి ఇచ్చి చూడు. ఆ చీటీ చూడగానే నేనైతే కుర్చీలోంచి లేచేదాన్ని. ఏం వెతికావో, ఎక్కడ ఆగావో చెప్పినవాళ్లకు మా దగ్గర ఉన్నదంతా ఇవ్వాలనిపిస్తుంది.

కాలేజీకి డేటాబేసు చందా ఉందేమో కూడా అడుగు. ఉండి కూడా పిల్లలకు చెప్పని చోట్లు ఉన్నాయి. సాధారణంగా అది కాలేజీ నెట్‌వర్క్ మీద మాత్రమే తెరుచుకుంటుంది. ఇంటి నుంచి వాడటానికి విడిగా లాగిన్ ఇస్తారేమో కనుక్కో. నిజంగా లేకపోతే, ప్రిన్సిపాల్ దగ్గర పరిచయ లేఖ ఒకటి రాయించుకో. నువ్వు ఏ వైపున్నా దగ్గర్లో ఒక పెద్ద లా లైబ్రరీ ఉంటుంది: హైదరాబాద్ చుట్టుపక్కల ఉస్మానియా లా కాలేజీలు, శామీర్‌పేటలో నల్సార్, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ అంబేడ్కర్ లా కాలేజీ, దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. బయటి విద్యార్థుల్ని ఏ పద్ధతిలో రానిస్తారో ముందు ఫోన్ చేసి తెలుసుకుని, సైటేషన్ల జాబితా పట్టుకుని ఒక్క రోజు వెళ్లిరా. జాబితా లేకుండా వెళ్తే ఆ రోజంతా అలమారల మధ్య తిరగడంతో సరిపోతుంది. మీ జిల్లా కోర్టు ఆవరణలో బార్ అసోసియేషన్ లైబ్రరీ కూడా ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే సీనియర్ గారిని అడిగితే అందులోకి దారి దొరుకుతుంది. ఏఎల్‌టీ, ఏఎల్‌డీ పాత సంపుటాలు అక్కడ చూడు, మీ కాలేజీలో కన్నా ఎక్కువే ఉండొచ్చు. ఎవరి పాస్‌వర్డో అడిగి తెచ్చుకుని మాత్రం వాడకు. వకీలు కాబోతున్నావు, ఆ డేటాబేసు ఒప్పందంలో సంతకం పెట్టింది వేరే కాలేజీ.

చందా ప్రశ్న చదువు పూర్తయి, వకీలుగా ఎన్‌రోల్ అయ్యాక, చేతిలో సొంత కేసులు పడ్డాక మళ్లీ ఆలోచిద్దువుగాని. అప్పటికి నీకు ఏ కోర్టు తీర్పులు ఎక్కువ కావాలో తెలుస్తుంది, కట్టే డబ్బుకు అర్థం ఉంటుంది.

ఈ సోమవారం ఒక పని చెయ్యి. ప్రిన్సిపాల్ గారికి తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయి. రిపోర్టర్ల బీరువా వారంలో రెండు రోజులు తెరవాలని, లైబ్రరీలోనే కూర్చుని చదువుకుంటామని, షెడ్యూల్ మూడులో ఉన్న పుస్తకాల జాబితాతో సరిపోల్చి లేనివి తెప్పించాలని మర్యాదగా రాసి, నీతో పాటు చదివేవాళ్ల సంతకాలు పెట్టించు. ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ వేసిన ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకో. బీరువా తెరిచిన రోజున మొదట తీయాల్సింది ఎస్‌సీసీ 2020, తొమ్మిదో సంపుటం. అది అక్కడ ఉందో లేదో నాకు రాయి.